బట్టలు ఆరేలోపు అరపేజీ

ఆ రోజుల్లో రచయిత్రిని కావడానికి కావలసినవన్నీ నా దగ్గర ఉండేవి, రాయడం ఒక్కటి తప్ప. కిటికీ ఉండేది, కిటికీ అవతల న్యూజెర్సీ ఆకాశం ఉండేది, ఆ ఆకాశాన్ని గంటల తరబడి చూడగలిగే ఓపిక ఉండేది. గీతల్లేని తెల్లకాగితాల దిస్తాలు మూడు, ఊరినుంచి సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టి తెచ్చుకున్న ఇంకు సీసా, మా కాలేజీ పత్రికలో అచ్చయిన నా ఏకైక కథ ప్రతులు మూడు ఉండేవి (ఒకటి నాకు, ఒకటి ఎవరైనా అడిగితే ఇవ్వడానికి, మూడోది వాళ్ళు పోగొడితే మళ్ళీ ఇవ్వడానికి. ఎవరూ అడగలేదు). డెబ్బైల చివర, ఇరవై నాలుగేళ్ళ వయసులో, ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నా ఉద్యోగం. మైక్రోస్కోపులో రక్తకణాలు లెక్కపెడుతూ పెడుతూ మధ్యలో ఎక్కడికో తేలిపోయేదాన్ని. ఆ గులాబీ చుక్కలు సాయంత్రపు మబ్బుతునకల్లా కనిపించేవి. కాదు, మబ్బుల్లా కాదు, ఇంకేదో పోలిక ఉంది అనుకుంటూ ఆ ఇంకేదో వెతుక్కుంటుండగా లెక్క తప్పేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేదాన్ని. నా రిపోర్టులు ఆలస్యంగా వచ్చేవి గాని తప్పుగా వచ్చేవి కావని ఆ ల్యాబ్‌లో నాకో పేరుండేది. దాన్ని నేను పొగడ్తగా తీసుకున్నాను.

నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్నావిడని అక్క అనేదాన్ని. సొంత అక్క కాదు. అదే ఆసుపత్రిలో నర్సు, గుంటూరు మనిషి, నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఏ పనైనా చేతిలోకి తీసుకుంటే పూర్తిచేసిగాని కింద పెట్టని రకం. ఆవిడ కూర వండే పద్ధతి, కారు నడిపే పద్ధతి, ప్రార్థన చేసే పద్ధతి ఒకటే: మొదలుపెట్టడం, అవగొట్టడం, ఆమెన్. నేనేమో ఉల్లిపాయ కోస్తూ పొరల్లోకి చూస్తూ ఉండిపోయేదాన్ని. "కొయ్యవే తల్లీ, అది ఉల్లిపాయ, అద్దం కాదు" అనేది. అయినా నా మీద ఆవిడకి ఎందుకో గురి. చర్చిలో కనిపించిన ప్రతివాళ్ళకీ "మా చెల్లి రైటర్ అండీ" అని పరిచయం చేసేది. నేను సిగ్గుపడి తల దించుకునేదాన్ని. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

మా తెలుగు చర్చి అంటే సొంత చర్చి కాదు. ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ల ఆరాధన అయిపోయాక వాళ్ళ గుడినే మాకు రెండు గంటలపాటు ఇచ్చేవాళ్ళు. కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన నలభై కుటుంబాలు. పాటలయ్యాక బేస్‌మెంట్‌లో పులిహోర, టీ. ఆ నలభై కుటుంబాలకీ నెలకోసారి నాలుగు పేజీల తెలుగు పత్రిక ఒకటి వచ్చేది. దాన్ని తెచ్చేది స్టెన్సిల్ ఆంటీ. భీమవరంలో తెలుగు టీచరుగా పదేళ్ళు చేసి, ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్ళు సర్దే పనిలో చేరిన మనిషి. తెలుగు అచ్చు వేసేవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు కాబట్టి నాలుగు పేజీలూ తనే ఇనుప మొన కలంతో మైనపు స్టెన్సిల్ మీద రాసేది, వాళ్ళాయన ఆ స్టెన్సిల్‌ని సైక్లోస్టైల్ మిషనుకి తగిలించి తిప్పేవాడు. బేస్‌మెంట్‌లో ఒక ఆదివారం ఆవిడ టీకప్పుతో నా దగ్గరికి వచ్చింది.

"వందనాలమ్మా. నువ్వు కథలు రాస్తావటగా, మీ అక్క చెప్పింది."

"ఏదో, కొంచెం అండీ ఆంటీ" అన్నాను. ఆ కొంచెం ఎంత కొంచెమో చెప్పలేదు.

"నాలుగో పేజీలో సగం నాకు ఎప్పుడూ మిగిలిపోతోంది. అక్షరాలు పెద్దవి చేసి నింపుతున్నా. ఆ అరపేజీ నీకిస్తాను, ఏదైనా రాయి. ఇరయ్యో తారీఖుకల్లా నా చేతికి వచ్చెయ్యాలి, సరేనా?"

సరే అన్నాను. ఆ సరే అన్న క్షణం ఎంత హాయిగా ఉందో! ఇంటికి వస్తుంటే కారు కిటికీ పక్కన నేను కూర్చుని లేను, నా సంపూర్ణ రచనల సంపుటం కూర్చుని ఉంది. దానికి గోధుమరంగు అట్ట, వెనక నా ఫొటో, ఫొటోలో కొంచెం పక్కకి చూస్తున్న చూపు. (ఆ చూపుని ఆ రాత్రి అద్దంలో ప్రాక్టీసు కూడా చేశాను.) అరపేజీకి పేరు పెట్టడానికి రెండు వారాలు పట్టింది. 'మంచు కిటికీ' అని పెట్టాను. ఆ తర్వాత మొదటి వాక్యం రాయడానికి కూర్చున్నాను.

'మంచు కురుస్తోంది' అని రాశాను. బాగానే ఉంది. కాని కురవడం వాన పని కదా అనిపించింది. 'మంచు రాలుతోంది' అన్నాను. రాలేవి ఆకులు. 'దిగుతోంది' అంటే విమానంలా ఉంది. 'పడుతోంది' అంటే ఎవరో మెట్లమీద జారినట్టుంది. అంత నిశ్శబ్దంగా, అంత తీరిగ్గా, అసలు కిందికి రావాలన్న ఉద్దేశమే లేనట్టు తిరుగుతూ తిరుగుతూ వచ్చేదానికి మన భాషలో ఒక క్రియ ఉండొద్దా? మా ముత్తాతల్లో ఒక్కరైనా ఒక్క జనవరి న్యూజెర్సీలో గడిపి ఉంటే నాకీ అవస్థ తప్పేది గదా అని వాళ్ళమీద కోపం కూడా వచ్చింది. రాసిన కాగితం నచ్చక పక్కన పడేస్తే అక్క దాన్ని తిప్పి వెనకవైపు సరుకుల లిస్టు రాసుకునేది. ఒకరోజు ఫ్రిజ్ దగ్గర నిలబడి రెండు వైపులా పైకి చదివింది. "ఇటేమో 'మంచు', కొట్టివేత, 'మంచు', కొట్టివేత, 'మంచు'. అటేమో 'ఉల్లిపాయలు అయిపోయాయి'. మొత్తానికి మనిద్దరిలో వాక్యం పూర్తిచేసింది నేనేనే." నేను నవ్వలేదు. నిజమైన కళాకారుల బాధ నర్సులకి అర్థం కాదనుకున్నాను. నేను మాట దొరకబుచ్చుకునేలోపు మంచు కరిగిపోయింది. పోనీ వసంతం గురించి రాద్దామని మొదలుపెడితే ట్యూలిప్ పూలకి సరైన విశేషణం దొరికేసరికి జూలై ఎండలు వచ్చాయి. నేను ఎప్పుడూ ఒక ఋతువు వెనకే నడిచేదాన్ని, రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడి దాని అందాన్ని వర్ణించబోయే మనిషిలాగ.

ఇరవయ్యో తారీఖు వచ్చినప్పుడల్లా ఆంటీ ఫోన్ చేసేది.

"అమ్మాయ్, ఎంతవరకూ వచ్చింది?"

"అయిపోవచ్చిందండీ. మొదటి వాక్యం దగ్గరే కొంచెం..."

"ఏం, బాలేదా మొదటి వాక్యం?"

"బాలేకపోవడం కాదండీ. ఇంకా లేదు."

"అయితే రెండోదాంతో మొదలుపెట్టు" అని ఫోన్ పెట్టేసింది.

మూడోనెల నుంచి ఆవిడ ఫోన్లు ఆగిపోయాయి. దానికి బదులు పత్రిక నాలుగో పేజీలో, స్కేలు పెట్టి గీసిన చక్కటి డబ్బా ఒకటి వచ్చింది. పైన 'మంచు కిటికీ' అని ముత్యాల్లాంటి అక్షరాలు. కింద నా పేరు. లోపల ఏమీ లేదు. తెల్లగా, ఖాళీగా, అరపేజీ మేర. సంఘానికంతటికీ నేనొక ఆటవిడుపునైపోయాను. ఇంగ్లీషు బులెటిన్ ఉంటే చాలని మొదట్నుంచీ వాదించే ఆయన ఒకరుండేవారు. ప్రతిదానికీ కమిటీ వేద్దామంటారని ఆయన్ని అందరం కమిటీ అంకుల్ అనుకునేవాళ్ళం. ఆయన నా దగ్గరికి వచ్చి చాలా గంభీరంగా, "ఈ నెల నీ ఆర్టికల్ చదివానమ్మా. ఎక్కడా బోర్ కొట్టలేదు" అన్నారు. ఆయన కూతురు, ఏడేళ్ళ పాప, ఇక్కడే పుట్టిన పిల్ల, పత్రిక తెచ్చి చూపించింది: "ఆంటీ, మీ బాక్స్‌లో నేను హార్స్ డ్రా చేశాను. ఈజ్ దట్ ఓకే?" గుర్రం బాగానే ఉంది. నన్ను ఆంటీ అనడమే బాలేదు. నాకప్పుడు ఇరవై నాలుగు! అలా నెలనెలా డబ్బా వస్తూనే ఉంది. ఎవరో అందులో ఫోన్ నంబర్లు రాసుకున్నారు, ఎవరో గోంగూర దొరికే తోటకి దారి గీసి ఇచ్చారు. నిజం ఒప్పుకోవాలంటే, పత్రిక రాగానే నేను తిన్నగా నాలుగో పేజీకి వెళ్ళి ఆ ఖాళీ డబ్బా వైపే చూస్తూ కూర్చునేదాన్ని. లోలోపల అది నాకు కొంచెం నచ్చింది కూడా. అందులో ఒక్క తప్పు లేదు.

మరుసటి చలికాలం వచ్చేసరికి కమిటీ అంకుల్ పంతం గట్టిపడింది. పిల్లలకి తెలుగు చదవడం రాదు, పెద్దలకి టైం లేదు, ఒక పేజీ ఇంగ్లీషు బులెటిన్ టైప్ చేయించి కాపీలు తీస్తే పోతుందిగా అని ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: ఆంటీ తేగలిగినన్నాళ్ళు తెలుగు పత్రిక ఉంటుంది, ఒక్క నెల తప్పినా ఆ నెలనుంచి ఇంగ్లీషే. ఆరేళ్ళలో ఆవిడ ఒక్క నెల తప్పింది లేదు. అందుకని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఒక శుక్రవారం సాయంత్రం అక్క డ్యూటీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా అంది: "మీ ఎడిటర్‌గారు మా ఎమర్జెన్సీకి వచ్చారే. ఇంటిముందు మెట్లమీద ఐస్, జారిపడ్డారు. కుడి మణికట్టు ఫ్రాక్చర్. ఎక్స్-రే తీస్తున్నంతసేపూ నీ పేరే."

మర్నాడు పొద్దున్నే ఆంటీ భర్త మా తలుపు తట్టారు. ఆయన మాట్లాడటం నేనెప్పుడూ పెద్దగా వినలేదు, ఎప్పుడు చూసినా మిషను తిప్పుతూనే ఉండేవారు. ఒక పెద్ద కవరు నా చేతికిచ్చారు. అందులో ఆంటీ సేకరించిన వార్తల కాగితాలు, ఇనుప మొన కలం, స్టెన్సిళ్ళు.

"నాలుగంటే నాలుగే ఉన్నాయమ్మా. షాపు మళ్ళీ సోమవారం గాని తియ్యడు. పత్రిక రేపటికి కావాలి, ఈ నెలకి ఇదే ఆఖరి ఆదివారం. నాలుగు పేజీలూ నువ్వే రాయాలంది. జాగ్రత్తగా రాయమని చెప్పమంది... ఊహూ, కాదు కాదు." ఆయన కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నారు. "జాగ్రత్తగా రాయొద్దని చెప్పమంది. జాగ్రత్తగా రాస్తే అవదంట."

తప్పు పడితే దిద్దడానికి గోళ్ళరంగు వాసన వేసే ద్రవం ఒక సీసాలో వస్తుంది. ఆ సీసా కూడా కవర్లో ఉంది. మూత తీస్తే అడుగున ఎండిపోయి గులకరాయిలా ఉంది. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "నువ్వు భారతమే రాయి, భాగవతమే రాయి, సోమవారానికి నా యూనిఫారాలు కావాలి. ఈ వారం ఉతికే వంతు నీది" అని వెళ్ళిపోయింది. అలా ఒక చేత్తో బట్టల మూట, ఇంకో చేత్తో తెలుగు పత్రిక భవిష్యత్తు పట్టుకుని మా అపార్ట్‌మెంట్ల వెనక ఉన్న లాండ్రీ గదికి నడిచాను.

ఆ గది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. బయట మోకాలి లోతు మంచు, లోపల సబ్బు వాసన, గోరువెచ్చటి గాలి, ఆవిరికి మసకబారిన కిటికీ అద్దాలు. ఒక గోడకి వాషర్లు, ఎదురుగోడకి గుండ్రటి అద్దం తలుపుల డ్రయర్లు, మధ్యలో బట్టలు మడతపెట్టుకునే పొడుగాటి బల్ల. శనివారం పొద్దున కాబట్టి అన్నీ తిరుగుతున్నాయి. ఆ హోరు ఎక్కడో దూరంగా సముద్రం ఉన్నట్టుంది. బట్టలన్నీ ఒక వాషర్లో కుక్కి, బల్ల చివర కూర్చుని మొదటి స్టెన్సిల్ పరిచాను. కలం మైనం మీద సన్నగా కిర్రుమంది. స్టెన్సిల్ మీద రాస్తే రాసింది సరిగా కనబడదు, నీలం మైనం మీద గాటు మాత్రం పడుతుంది. వెనక్కి తిరిగి చదువుకోవడానికి లేదు. మూడో పంక్తిలో 'ప్రార్థన' కింద ఒత్తు మరిచిపోయాను. చెయ్యి అలవాటుగా కాగితం చింపబోయింది. నాలుగంటే నాలుగే అన్న మాట గుర్తొచ్చి ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాను. అలా ఎంతసేపు కూర్చున్నానో! పక్కన ఒక అమెరికన్ ముసలావిడ దుప్పటి మడతపెడుతూ మూలలు కలవక, కలవకపోయినా పోనీలే అన్నట్టు అలాగే మడిచి బుట్టలో పడేసి వెళ్ళిపోయింది. నేనూ నాలుగో పంక్తిలోకి వెళ్ళాను.

తర్వాత ఏమైందో నాకు స్పష్టంగా చెప్పడం రాదు. ఎవరింట్లో బాప్తిస్మమో, ఎవరికి ఆపరేషనో, ఎవరి తమ్ముడికి వీసా వచ్చిందో, ఒక్కొక్కటే రాస్తూ పోయాను. వాషర్ ఆగింది. లేచి, తడిబట్టల ముద్దని చూడకుండానే డ్రయర్లో వేసి, వచ్చి మళ్ళీ కూర్చున్నాను. రెండో పేజీ, మూడో పేజీ, నాలుగో పేజీలో పైసగం అయిపోయాయి. మిగిలింది నా అరపేజీ. డబ్బా గీయలేదు. గీస్తే ఖాళీగా ఉంచాలనిపిస్తుందని భయం. ఎదురుగా డ్రయర్ అద్దంలో అక్క యూనిఫారాలూ ఆదివారాలు నేను కట్టే ఎర్ర నేతచీరా ఒకదాన్నొకటి పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని తిరుగుతున్నాయి. దాని గురించే రాశాను. పని చేసి చేసి అలిసిన తెల్లచొక్కాలు నిద్రలో గాల్లోకి లేస్తున్నాయనీ, చీర వాటికి ఏదో ఊరి కబురు చెబుతోందనీ, ఆ వెచ్చదనానికి తెల్లబట్టలు కూడా తెల్లవారుజాము ఆకాశంలా గులాబీరంగు తిరుగుతున్నాయనీ రాశాను. డ్రయర్ ఆగినప్పుడు నేనూ ఆగాను. అరపేజీ నిండింది. ఆ హాయిలో నవ్వుకుంటూ తలుపు తీశాను. తెల్లబట్టలు నిజంగానే గులాబీరంగు తిరిగి ఉన్నాయి.

మధ్యాహ్నం అక్క వచ్చి యూనిఫారం ఒకటి పైకెత్తి పట్టుకుంది. "ఏంటే ఇది?"

"చీర రంగు దిగిందక్కా. నేను... నేను వ్యాసంలో కూడా రాశాను."

"రాశావా! రంగు అంటుతుంటే కళ్ళారా చూసి, మిషను ఆపకుండా, రాశావా?"

"నిజం అనుకోలేదక్కా. పోలిక అనుకున్నాను."

అక్క కారు తాళాలు తీసుకుంది. "నడు. ముందు ఆవిడకి ఇచ్చి వద్దాం. నీ సంగతి తర్వాత."

ఆంటీ తన ఇంటి బేస్‌మెంట్‌లో, కుర్చీలో, పిండికట్టు వేసిన చేతిని దిండుమీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఎడమచేత్తో స్టెన్సిళ్ళు ఒక్కొక్కటే దీపానికి ఎదురుగా పట్టుకుని చదివింది. ముఖంలో ఏ భావమూ లేదు. రెండో పేజీ దగ్గర మాత్రం ఆగింది.

"ఇదేంటమ్మా? 'ఇరవయ్యో పిళ్లిరోజు సందర్భంగా ఆరాధన తర్వాత అందరికీ విందు.' ఎత్వం పెట్టాల్సిన చోట గుడి పెట్టావు."

పెళ్లి కాస్తా పిల్లి అయికూర్చుంది. అదీ ఎవరిది? కమిటీ అంకుల్ దంపతుల పెళ్లిరోజు! "ఆంటీ, ఇలా వద్దండీ. సోమవారం షాపు తియ్యగానే స్టెన్సిల్ కొనుక్కొస్తాను. మొత్తం మళ్ళీ రాస్తాను. వచ్చే ఆదివారం ఇద్దాం. ఒత్తులు పోయాయి, పంక్తులు వంకరగా ఉన్నాయి, నా అరపేజీలో రెండో వాక్యం అసలు బాలేదు. ఇలా నలుగురి చేతుల్లో పెడితే నా పరువు..."

"నేను పత్రిక మొదలుపెట్టి ఆరేళ్ళయింది" అంది ఆంటీ. "తప్పు లేకుండా ఒక్క నెలైనా రాలేదు. ఒకసారి పాస్టరుగారి పేరే తప్పు పడింది. నీకు ఎప్పుడైనా కనబడిందా?"

"లేదండీ."

"ఎందుకు కనబడలేదంటే, నువ్వు చదవలేదు కాబట్టి. ఈ ఏడాదంతా పత్రిక రాగానే తిన్నగా నీ డబ్బా చూసుకున్నావు, ముడుచుకున్నావు, అంతే. మిగతా మూడున్నర పేజీల్లో ఏముందో నీకు తెలీదు. అవునా?"

అవును. ఎవరింట్లో ఆపరేషన్ అయిందో, ఎవరు కొత్తగా వచ్చారో ఆ ఏడాదిలో నేను ఒక్కటీ చదవలేదు. ఆ పొద్దున నా చేత్తో రాసేదాకా అందులో మనుషులున్నారనే నాకు తెలియదు. నేను తలొంచుకున్నాను. ఆవిడ భర్తవైపు తిరిగి, "తిప్పండి" అంది. ఆయన తిప్పారు. ఒక్కొక్క కాగితం తడి ఇంకు వాసనతో ట్రేలోకి జారుతుంటే ఒక్కొక్క తప్పూ నలభై తప్పులవుతున్నట్టనిపించింది. అక్క కూర్చుని మడతలు పెట్టింది.

ఆదివారం నేను చిట్టచివరి బెంచీలో, తలుపుకి దగ్గరగా కూర్చున్నాను. ప్రకటనల సమయానికి కమిటీ అంకుల్ లేచారు. ఆయన నోరు తెరిచేలోపే వాళ్ళ పాప, పత్రిక మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ, గుడంతా వినబడేలా అడిగింది: "డాడీ, వాట్ ఈజ్ పిల్లి... పిల్లిరోజు? మనకి క్యాట్ లేదు కదా?"

అప్పుడు నవ్విన మొదటి మనిషి ఆయన భార్య. చర్చిలో ఎప్పుడూ పళ్ళు కూడా కనబడనివ్వని ఆ మనిషి కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే, "ఇరవయ్యేళ్ళండీ, ఇరవయ్యేళ్ళుగా పిల్లీ ఎలకా కాపరమే మాది" అంది. ఇంక ఎవరూ ఆగలేదు. పాస్టరుగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. కమిటీ అంకుల్ ముఖం ఎర్రబడింది. నేను తలుపువైపు జరిగాను. ఆయన మాత్రం పత్రిక పైకెత్తి, కూతుర్ని చూసి, "ఏమ్మా, ఇది నువ్వే చదివావా? తెలుగు?" అన్నారు.

"యా. మమ్మీ నేర్పించింది. బట్ స్లోగా."

ఆయన పత్రిక మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఇంగ్లీషు బులెటిన్ అయ్యుంటే స్పెల్లింగ్ కరెక్ట్‌గానే వచ్చేది" అన్నారు చివరికి. "ఎవరూ చదివేవాళ్ళు కాదు. సరే, పిల్లిరోజుకి అందరూ కిందికి రండి, బిరియానీ చల్లారిపోతోంది." ఇంగ్లీషు బులెటిన్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

బేస్‌మెంట్‌లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆ బట్టల గురించి రాసింది నువ్వేగా? తెల్లబట్టలు గులాబీరంగు తిరగడమేంటి తల్లీ, ఎంత ఊహ నీది!" పక్కనే బిరియానీ తింటున్న అక్క తలెత్తకుండా, "ఊహ కాదండీ, నా యూనిఫారం" అంది. (సోమవారం ఆ యూనిఫారంతోనే వెళ్ళింది. పిల్లల వార్డులో పిల్లలు చాలా మెచ్చుకున్నారట. ఆ సంగతి నాకు నెల తర్వాత గాని చెప్పలేదు.) ఆవిడ అంత మెచ్చుకుంటుంటే నేనేం చేస్తున్నానో తెలుసా? ఆ రెండో వాక్యంలో 'అలిసిన' బదులు 'సొమ్మసిల్లిన' అని ఉంటే బాగుండేదా అని ఆలోచిస్తున్నాను.

ఆ సంగతి ఆంటీ నా ముఖంలోనే పట్టేసింది. ఒక కట్టడి పెట్టింది. ప్రతి శనివారం లాండ్రీ గదిలో, బట్టలు ఆరేలోపు, అరపేజీ. నెలకి నాలుగైదు వస్తాయి, వాటిలో కాస్త నయమైనది వేద్దాం, మిగతావి పడెయ్. "మరి దిద్దుకోవడం?" అన్నాను బిక్కమొహం వేసుకుని. ఆవిడ ఆలోచించి, "ఒక్కొక్కదాంట్లో ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటే మార్చుకో" అంది. నా జీవితంలో నాకు దొరికిన పెద్ద వరం అదే. వంద మాటలు మార్చే హక్కున్నప్పుడు ఒక్కటీ తేల్చుకోలేకపోయినదాన్ని, ఒక్కదానికే వీలున్నప్పుడు ఏది మార్చాలో తెలుసుకోవడానికి అరపేజీనంతటినీ నిజంగా చదవడం నేర్చుకున్నాను. వారమంతా ల్యాబ్‌లో, బస్సులో, ఉల్లిపాయలు కోస్తూ ఆ ఒక్క మాట కోసం కలలు కనేదాన్ని. శుక్రవారానికి మార్చేసి, శనివారం కొత్తది మొదలుపెట్టేదాన్ని. అలా ఎనభైల్లో చాలా ఏళ్ళు రాశాను. వాటిలో కొన్ని బాగా వచ్చాయి. చాలా సామాన్యంగా వచ్చాయి. తడి సాక్సుల మీద రాసినదైతే ఎవరికీ కనబడకుండా నేనే దాచేశాను. మంచుకి క్రియ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. 'పడుతోంది' అనే రాసేదాన్ని. చదివినవాళ్ళందరికీ అర్థమయ్యేది.

ఎనభైల చివర్లో ఆంటీ, వాళ్ళాయన కూతురి దగ్గర ఉండటానికి టెక్సాస్ వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళేముందు వచ్చిన సంచికలో ఆవిడ గురించి రాయాల్సి వచ్చింది. ఆవిడకి చూపించకుండా నేనే స్టెన్సిల్ మీద రాసి, అచ్చయిన ప్రతిని చేతికివ్వకుండా, వాళ్ళ సామాన్ల మధ్య పెట్టేసి వచ్చాను. ఇంత మనిషి గురించి ఇంతేనా రాశాను అని పదిరోజులు నిద్ర పట్టలేదు. మొత్తం మళ్ళీ రాయాలని కాగితాలు కూడా ముందేసుకున్నాను. అప్పుడు ఆవిడ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, చదివాను."

"బాలేదు కదండీ? నేను మళ్ళీ..."

"నేను అంత మంచిదాన్ని కాదు" అంది ఆవిడ. "అయినా మార్చకు."

మార్చలేదు. ఇప్పుడు నా వయసు అప్పటి ఆంటీ వయసుని దాటి చాలా దూరం వచ్చేసింది. ఒక్కోరోజు పొద్దున్నే టీ పెట్టుకుని, ఆంటీ గురించి రాసిన ఆ అరపేజీ తీసి చదువుకుంటాను. చదువు పెరిగింది, అనుభవం పెరిగింది, ఇప్పుడైతే దీన్ని ఎంత బాగా రాసేదాన్నో అనిపిస్తుంది, కలం చేతిలోకి వస్తుంది. కాని అది రాసిన ఆ ముప్ఫయి రెండేళ్ళ పిల్ల, వంకర పంక్తుల వెనకనుంచి, చాలా మర్యాదగా, నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది. దాని మాట నేను కాదనలేను.